ఇండియన్ వెజ్ అని టిక్ పెడితే సరిపోదు: సీలియాక్ ఉన్నవాళ్లు క్రూజ్‌లో ఏం తినాలి, ఎవరిని అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్‌లో ఉంటారు. మీ వారికి పోయినేడాది సీలియాక్ అని తేలింది, అంటే గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి వెళ్తే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. విజయవాడ నుంచి అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు, అందరూ కలిసి టెక్సస్ రేవు గాల్వెస్టన్‌లో షిప్పెక్కి ఏడు రాత్రులు మెక్సికోలోని కొజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రొవాటాన్ తిరిగి రావాలనుకుంటున్నారు. అందరూ శాకాహారులే, మీ వారొక్కరు గుడ్డు తింటారు. షిప్పులో ఇండియన్ వెజిటేరియన్ భోజనం పెడతారట, అన్నం పప్పే కదా, దాంతో వారం గడిచిపోదా అన్నది మొదటి ప్రశ్న. మెనూలో గ్లూటెన్ ఫ్రీ అని గుర్తుంటే నమ్మొచ్చా అన్నది రెండోది. "కొంచెం తగిలితే ఏమవుతుందమ్మా, మరీ చాదస్తం" అంటున్న మామగారికి ఏం చెప్పాలన్నది మూడోది.

వెళ్లండి. భయపడక్కర్లేదు. నాకూ సీలియాకే, చాలా ఏళ్లుగా దాంతోనే షిప్పులెక్కుతున్నాను. కారులో ఊళ్లు తిరిగే ట్రిప్పు కన్నా షిప్పే నయమంటాను. రోడ్డు మీదైతే పూటకో హోటలు, పూటకో కొత్త మనిషికి రామాయణమంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. షిప్పులో వారమంతా ఒకటే వంటగది. మీరు సరిగ్గా ఎంచుకుంటే ఒకడే వెయిటరు, ఒకడే హెడ్ వెయిటరు. మొదటి సాయంత్రం ఆ హెడ్ వెయిటరుకి తీరిగ్గా, గట్టిగా చెప్పుకుంటే మిగతా రోజులు ఆయనే చూసుకుంటాడు. మెనూలో గుర్తులు వెతకడం తగ్గించి ఆ ఒక్క మనిషిని పట్టుకోండి. నేను చెప్పబోయే దాంట్లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

కానీ మీ మొదటి ప్రశ్న దగ్గరే అసలు చిక్కుంది, అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనవాళ్లందరూ అనుకునేది అదే: అన్నం, పప్పు, కూర, పెరుగు; ఇందులో గోధుమ ఎక్కడిది? ఇంగువలో ఉంది. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి దాన్ని జిగురుతోనూ పిండితోనూ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమ పిండో మైదానో అయి ఉంటుంది. కొన్నిట్లో బియ్యప్పిండి ఉంటుంది, అవి సీలియాక్ వాళ్లకి పర్వాలేదు. ఏది ఏదో డబ్బా వెనక చదివితే తప్ప తెలీదు. ఇంట్లో ఈపాటికి మీరు మార్చేసే ఉంటారు. షిప్పు వంటగదిలో ఎవరూ మార్చలేదు.

ఒక షిప్పులో హెడ్ వెయిటర్ని బతిమాలి ఇండియన్ వంటలు చూసే షెఫ్‌ని టేబుల్ దగ్గరికి పిలిపించుకున్నాను. మంగళూరు వైపు మనిషి. "పప్పులో గోధుమ ఎందుకుంటుంది సార్" అని నవ్వాడు. ఇంగువ వేస్తారా అంటే, అది లేకుండా పోపేమిటన్నాడు. ఆ డబ్బా ఒకసారి తెచ్చి చూపిస్తారా అన్నాను. తెచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, డబ్బాని దీపం కిందకి వంచి, వెనకాల చిన్న అక్షరాలు వేలుపెట్టి చదువుకుంటూ వెళ్లి, వీట్ ఫ్లోర్ అన్న చోట ఆగాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. "ఇన్నేళ్లుగా చేత్తో వేస్తున్నా, ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. మర్నాటి నుంచి నా పప్పు వేరే గిన్నెలో తీసిపెట్టి, చిన్న బాణలిలో నెయ్యి, జీలకర్ర, ఎండుమిర్చి వేసి విడిగా పోపు పెట్టి పంపాడు. రుచిలో లోటేమీ లేదు. మీరూ అదే అడగండి. వంటగదుల్లో మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు, హిందీ వచ్చుంటే "హింగ్ మత్ డాలియే, ఉస్ మే ఆటా హోతా హై" (ఇంగువ వెయ్యకండి, అందులో గోధుమ పిండి ఉంటుంది) అంటే చాలు, చప్పున అర్థమవుతుంది.

ఇంకో సంగతి. మీ అత్తగారూ మామగారూ ఉల్లి వెల్లుల్లి తినని రోజులుంటే, లేదా పక్కా శాకాహారం కావాలని, బుకింగ్‌లో జైన్ భోజనం అని పెట్టేవాళ్లున్నారు. వాళ్లిద్దరి వరకూ పెట్టుకోవచ్చు. మీ వారికి మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. ఉల్లి వెల్లుల్లి లేని వంటకి ఆ రుచి ఇంగువే ఇస్తుంది, అందుకని జైన్ వంటలో అది ఇంకా ధారాళంగా పడుతుంది.

ఇంగువ కాక ఇంకా ఉన్నాయి. అప్పడం మినప్పిండిదే అయినా అందులో ఇంగువుంటుంది, పైగా పూరీలూ సమోసాలూ వేగిన నూనెలోనే వేయిస్తారు. పకోడీ శనగపిండిదే, నూనె మాత్రం అదే. వేపుళ్లన్నిటికీ ఇదే లెక్క. పొద్దున ఉప్మా అంటే గోధుమ రవ్వేనని మీకు తెలుసు కానీ ఇడ్లీ కూడా ఒక్కోసారి ఆ గోధుమ రవ్వతోనే చేసి పెడతారు, చూడ్డానికి పెద్ద తేడా తెలీదు. గోబీ మంచూరియాలో సోయా సాస్ ఒకటి, మైదా ఒకటి. పాయసం సేమ్యాది. గులాబ్ జామూన్ సంగతి చెప్పక్కర్లేదు. సాంబారైతే నేనసలు ముట్టను: పొడిలో ఇంగువ, పోపులో ఇంగువ, పెద్ద పాత్రలో వందమందికి ఒకేసారి కాచింది, మనకోసం విడిగా కాయడం ఎవరి తరమూ కాదు.

మరి ఏం మిగిలింది అంటే, బాగానే మిగిలింది. తెల్లన్నం, విడిగా పోపు పెట్టిన పప్పు, జీలకర్ర పోపుతో బంగాళాదుంప కూరో కాలీఫ్లవర్ కూరో, పెరుగు. ఇవి ముందురోజు చెబితే రోజూ చేస్తారు. దీనికి తోడు ఇంగ్లీషు మెనూని తీసిపారెయ్యకండి, నిజానికి సీలియాక్ వాళ్లకి అదే ఎక్కువ సాయం చేస్తుంది. బేక్ చేసిన బంగాళాదుంప, గ్రిల్ చేసిన కూరగాయలు, మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా, బియ్యంతో చేసే రిసోట్టో. రిసోట్టోలో పోసే స్టాక్, అంటే కూరగాయలో మాంసమో ఉడికించిన రసం, ఏమిటో అడగాలి. మీకు చికెన్ స్టాక్ గొడవ, దానికి తోడు పొడి స్టాక్‌లో గోధుమ ఉండొచ్చు. పాస్తా గ్లూటెన్ లేనిది ఉందంటారు, ఏ నీళ్లలో ఉడికించారని అడగండి. మామూలు పాస్తా ఉడికిన నీళ్లయితే వద్దు. తీపిలో మైదా లేని చాక్లెట్ కేకు, క్రెమ్ బ్రూలే లాంటివి తరచూ ఉంటాయి, గుడ్డు తింటారు కాబట్టి మీ వారికి ఫర్లేదు. పానా కోటా అనే మీగడ తీపి గ్లూటెన్ లేనిదే గాని అందులో జంతువుల నుంచి తీసే జెలటిన్ వేస్తారు, శాకాహారం కాదు. ఇది చాలామందికి తెలీదు.

ఇప్పుడు హెడ్ వెయిటరు సంగతి. పెద్ద షిప్పుల్లో మెయిన్ డైనింగ్ రూమ్ అని ఒకటుంటుంది, టికెట్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు భోజనం టైము అడుగుతారు: ఫిక్స్‌డ్ టైమా, లేక ఇష్టం వచ్చినప్పుడు వెళ్లే పద్ధతా అని. రెండోదాన్ని కార్నివాల్ కంపెనీ వాళ్లు యువర్ టైమ్ అంటారు, రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్లు మై టైమ్ అంటారు. వినడానికి అదే హాయిగా ఉంటుంది గానీ మీరు ఫిక్స్‌డ్ తీసుకోండి. రోజూ అదే టేబులు, అదే వెయిటర్ల జట్టు. రాత్రి భోజనం అయ్యాక హెడ్ వెయిటరు మర్నాటి మెనూ తెచ్చి ముందు పెడతాడు. అందులో మీ వారు ఏది తినొచ్చో, దేన్ని మార్చి చేయగలరో చెప్పి రాసుకుని వెళ్తాడు. వంటగదిలో దానికి విడిగా చీటీ వెళ్తుంది. అప్పటికప్పుడు ఆర్డరిస్తే వాళ్లు ఉన్నదాంట్లోంచి ఏదో తీసి పెట్టాలి. ముందురోజు చెబితే మీ పళ్లెం విడిగా మొదలవుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఆయన ఆ మెనూ తేవడం మర్చిపోతే మీరే అడగండి, మొహమాటపడకండి. మర్నాటి మధ్యాహ్నానికి కూడా అప్పుడే చెప్పేయండి, ఎందుకంటే పోర్టులో ఆగిన రోజుల్లో డైనింగ్ రూమ్ మధ్యాహ్నం తెరవకపోవచ్చు; అలాంటి రోజు ఎక్కడ తినాలో ఆయనే ఒక దారి చెబుతాడు.

ఆయనకి చెప్పేటప్పుడు "గ్లూటెన్ ఫ్రీ" అని వదిలెయ్యకండి. సరదాకి మానేసినవాళ్లు టేబుల్‌కొకరు తగులుతారు వాళ్లకి; ఆ మాట చెవికి అలవాటైపోయింది. సీలియాక్ అని చెప్పండి. గోధుమ, బార్లీ, రై మూడూ పడవని, రొట్టె ముక్క తీసేసిన పళ్లెం కూడా పనికిరాదని, శుభ్రమైన మూకుడు, శుభ్రమైన గరిటె కావాలని చెప్పండి. వాళ్ల సిస్టమ్‌లో అలర్జీ అని ఎక్కించమనండి. వైద్యపరంగా అది అలర్జీ కాకపోయినా వంటగదిలో కదలిక వచ్చేది ఆ మాటకే. రొట్టె ముక్కల మాట ఊరికే అనలేదు. ఒక చోట సలాడ్ మీద క్రూటాన్లు, అంటే వేయించిన రొట్టె ముక్కలు, ఉన్నాయని వెనక్కి పంపితే, వెయిటరు లోపలికి వెళ్లి వాటిని ఏరేసి అదే గిన్నె తెచ్చి పెట్టాడు. ఆకుల మధ్య పొడి అలాగే కనబడుతోంది. అలాంటప్పుడు కోప్పడి లాభం లేదు. వెనక్కి పంపేటప్పుడు పాత గిన్నె టేబుల్ మీదే అట్టిపెట్టుకుని కొత్తది తెమ్మనండి, అది వచ్చాక పాతది తీసుకెళ్తాడు.

రెండో ప్రశ్న, గుర్తు నమ్మొచ్చా అన్నది. షాపులో కొనే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే దానికి చట్టం ఉంది. అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన నిబంధన ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి, మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దూ అంతే. మెనూ మీద వేసే చిన్న జీఎఫ్ గుర్తు అలాంటిది కాదు. చాలా చోట్ల దానర్థం ఈ వంటకంలో గోధుమ పదార్థం వెయ్యలేదు అని, ఇంకొన్ని చోట్ల కావాలంటే లేకుండా చేయగలం అని. పక్క పొయ్యి మీద ఏముంది, ఏ నూనెలో వేగింది అన్నది ఆ గుర్తు చెప్పదు. కాబట్టి అది ప్రశ్న మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. ఇంకొందరు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వేసే తనిఖీ మార్కులు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. అమెరికా రేవుల్లో ఆగే షిప్పులకి వందకి మార్కులు వేస్తారు, 85 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే తప్పినట్టు. అవి చూడటం మంచిదే, కానీ వాళ్లు ముఖ్యంగా చూసేది వాంతులు విరేచనాలు తెచ్చే క్రిములు ప్రబలకుండా శుభ్రత ఎలా ఉందని. వందకి వంద వచ్చిన వంటగదిలో కూడా సమోసా వేగిన నూనెలోనే మీ బంగాళాదుంపలు వేగొచ్చు.

మామగారికి ఒక లెక్క చెప్పండి, పెద్దవాళ్లు లెక్కకి వింటారు. మామూలు బ్రెడ్ ముక్క ఒక్కదానిలో రెండు గ్రాములకి అటూఇటూగా గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లకి రోజూ 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చి చూస్తే చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నట్టు 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. 50 మిల్లీగ్రాములంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు. చెంచా అంచుకి అంటుకున్న పిండి అనుకోండి. ఒక్కసారి తగిలితే ప్రాణం పోతుందా అంటే పోదు, అలా చెప్పి భయపెట్టొద్దు. అయితే కొందరికి రెండు మూడు రోజులు కడుపు పట్టుకుని పడుకోవాల్సొస్తుంది, ఇంకొందరికి పైకి ఏమీ తెలియకుండా లోపల దెబ్బ తగులుతుంది. ఏమీ అనిపించలేదు కాబట్టి పడిందనుకోవడానికి లేదు. గ్లూటెన్‌ని అరిగించే మాత్రలని షాపుల్లో దొరుకుతాయి, అవి వేసుకుని పూరీ తినేయొచ్చనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. సీలియాక్‌కి అవి రక్ష కాదు.

మామగారి సూట్‌కేసులో హార్లిక్స్ డబ్బా ఉందేమో కూడా చూడండి. అందులో గోధుమ, బార్లీ మాల్టు రెండూ ఉన్నాయి. ఆయన తాగితే తాగనివ్వండి గానీ క్యాబిన్‌లో ఒకే చెంచా అందరూ వాడతారు, అక్కడ జాగ్రత్త.

ఇక బుఫే. ఒక్క మాటలో, వద్దు. వంట తప్పని కాదు, జనం వల్ల. నాన్ ముక్క తీసిన పట్టకారుతోనే దోసకాయ ముక్కలు తీస్తారు, పిల్లలు గరిటెలు మార్చేస్తారు, కూర మీద పూరీ పొడి రాలుతుంది. గదిలోకి తెచ్చుకోవడానికి తొక్క ఉన్న అరటిపండు, నారింజ, వేడినీళ్లు, పాలు, ఇంతవరకూ బుఫే మంచిదే. తప్పనిసరిగా అక్కడే తినాల్సొస్తే తెరిచిన మొదటి పది నిమిషాల్లో వెళ్లి, అక్కడ నిలబడ్డ షెఫ్‌తో చెప్పి, లోపల్నుంచి కొత్త ట్రే తెప్పించుకోండి. ఈత కొలను పక్కన బర్గర్లూ ఫ్రైలూ పెట్టేచోట ఫ్రైయర్ సాధారణంగా ఒకటే ఉంటుంది, అదీ వద్దు. మెత్తటి ఐస్‌క్రీము యంత్రం దగ్గర కోన్ల పొడి రాలి ఉంటుంది, కప్పులో తీసుకున్నా నేను తినను. డైనింగ్ రూములో కొత్త డబ్బా తెరిచి, కడిగిన చెంచాతో తియ్యమంటే తీస్తారు.

పొద్దున కూడా డైనింగ్ రూముకే వెళ్లండి, సముద్రం మీద ఉన్న రోజుల్లో తెరిచే ఉంటుంది, పోర్టు రోజుల్లో కాస్త ముందే మూసేస్తారు. గుడ్లు ఆమ్లెట్ కావాలంటే కొట్టి కలిపి ఉంచిన డబ్బాలోంచి కాకుండా, అప్పటికప్పుడు గుడ్డు పగలగొట్టి, కడిగిన పెనం మీద వెయ్యమనాలి. గ్లూటెన్ లేని బ్రెడ్ ఉంటుంది, దాన్ని అందరి టోస్టర్‌లో పెట్టేస్తే ఏం లాభం? ఫాయిల్‌లో చుట్టి ఓవెన్‌లో వేడి చేసి తెమ్మనండి. ఓట్స్ వద్దు, మామూలు ఓట్స్‌లో గోధుమా బార్లీ కలిసే ఉంటాయి. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నే కదా అనుకుంటారు, చాలావాటిలో రుచికి బార్లీ మాల్టు వేస్తారు. రూమ్ సర్వీసు జోలికి నేను వెళ్లను. ఫోన్లో చెప్పింది ఎవరు విన్నారో, ఎవరు వండారో, ఎవరు తెచ్చారో ముగ్గురూ వేరు.

డబ్బు కట్టే స్పెషల్ రెస్టారెంట్లు మీకు అంత అవసరం లేదు. స్టేక్‌హౌస్‌లు గ్లూటెన్ విషయంలో చాలా నయం గాని శాకాహారులకి అక్కడేముంది, బంగాళాదుంప తప్ప. కళ్లముందు పెనం మీద ఎగరేసి వండే జపనీస్ చోటు పిల్లలకి సరదా, కానీ పెనమంతా సోయా సాసే, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

బయల్దేరే ముందు చెయ్యాల్సింది పెద్దగా లేదు గానీ ఉన్నది టైముకి చెయ్యాలి. బుక్ చేసిన వెంటనే, ఎంత ఆలస్యమైనా రెండు నెలల ముందే, క్రూజ్ కంపెనీ ప్రత్యేక ఆహార విభాగానికి మీరే రాయండి. ట్రావెల్ ఏజెంటుకి చెప్పాం కదా అని ఊరుకోవద్దు. మీ వారి పేరు, బుకింగ్ నంబరు, సీలియాక్, గుడ్డూ పాలూ తినే శాకాహారి, ఇంగువ కూడా పడదు, ఎందుకు పడదు, ఇంతే చాలు. వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. గాల్వెస్టన్ నుంచి మీరు చెప్పిన మూడు రేవులకీ వెళ్లే వాటిలో కార్నివాల్ జూబిలీ ఒకటి, 2023 డిసెంబరు నుంచి అక్కడి నుంచే తిరుగుతోంది. రాయల్ కరీబియన్ వాళ్లకి అక్కడ 2022లో తెరిచిన సొంత టెర్మినలే ఉంది. రెండూ పెద్ద కంపెనీలే, ఈ విషయంలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేననను. వంటగది పద్ధతులు దాదాపు ఒకటే, తేడా మీకు తగిలే హెడ్ వెయిటర్ని బట్టి ఉంటుంది.

ఎక్కే రోజు మధ్యాహ్నం ఎక్కువమంది వెళ్లేది బుఫేకే, పైగా అందరూ ఆకలి మీద ఒకేసారి పడతారు. మీ వారికి గాల్వెస్టన్ చేరేముందే కడుపునిండా పెట్టేయండి. పెద్ద సామాను సాయంత్రం దాకా గదికి రాదు, కాబట్టి ఆయన తిండి చేతి సంచీలో ఉండాలి. మిగతావాళ్లు బుఫేలో ఉండగా మీరు డైనింగ్ రూముకి వెళ్లి హెడ్ వెయిటర్ని కలవండి. ఆ మధ్యాహ్నం టేబుళ్ల మార్పులూ ఆహారం కోరికలూ వినడానికి ఎవరో ఒకరు అక్కడుంటారు. రాత్రి జనం మధ్యలో చెప్పడం కన్నా అప్పుడు చెబితే వింటారు.

తీసుకెళ్లే తిండి విషయంలో మనవాళ్లకి ఆశ ఎక్కువ. రైస్ కుక్కర్, కెటిల్, ఇండక్షన్ పొయ్యి ఏవీ కుదరవు, సామాను తనిఖీలో తీసేసుకుంటారు. ఇంట్లో వండినవి కూడా వద్దంటారు. ఫ్యాక్టరీలో సీలు వేసిన, పాడవని ప్యాకెట్లు సాధారణంగా ఒప్పుకుంటారు. మీ కంపెనీ పేజీలో ఒకసారి చూసుకోండి. గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్న క్రాకర్లు, రైస్ కేకులు, బార్లు, వేడినీళ్లు పోస్తే అయ్యే కప్పు రైస్ నూడుల్స్. అటుకుల కప్పులు బాగుంటాయి గాని అందులోనూ ఇంగువుందేమో చూడాలి. కందిపొడి ప్యాకెట్టూ అంతే, పచ్చడి సీసా కూడా అంతే. ఆవకాయలో ఇంగువ లేకపోయినా మాగాయలో పోపు పెట్టి ఉంటారు. జొన్న రొట్టెలు కట్టించుకోవాలనుకుంటే అవి ఇంటి వంట కింద వస్తాయి, పైగా పిండిమరలో గోధుమ తర్వాత ఆడించిన జొన్నపిండి ఇంట్లో కూడా సీలియాక్ వాళ్లకి పనికిరాదు.

పోర్టుల్లో మెక్సికో మీకు బాగా కలిసొస్తుంది. అక్కడి రొట్టెకి మూలం మొక్కజొన్న. "తొర్తీయా దే మాయీస్" అంటే మొక్కజొన్నది, "దే హరీనా" అంటే గోధుమది. టూరిస్టులు తిరిగే వీధుల్లో రెండూ ఒకే పెనం మీద కాలుస్తారు కాబట్టి పెనం చూసి అడగండి. చిప్స్ నూనె సంగతి మళ్లీ అంతే. మోలె అనే చిక్కటి సాసులో చాలాసార్లు రొట్టె నూరి కలుపుతారు. ఉడకబెట్టిన రాజ్మా లాంటి బీన్స్ ముద్ద శాకాహారంలా కనిపిస్తుంది, పంది కొవ్వుతో వేయించడం మామూలే. "సిన్ మాంతేకా", అంటే కొవ్వు లేకుండా, అని అడగాలి. కొజుమెల్ వీధుల్లో మార్కెసీతా అని కరకరలాడే చుట్ట లోపల చీజు తురిమి ఇస్తారు, అది గోధుమపిండి, మీ వారికి కాదు. రొవాటాన్ హోండురాస్‌ది, అక్కడి పేరున్న తిండి బలేయాదా గోధుమ రొట్టెలో బీన్స్ మడిచి ఇస్తారు, అది కూడా కాదు. మామిడి, పుచ్చకాయ ముక్కల మీద కారం, నిమ్మరసం చల్లి అమ్మే బండ్లు కొజుమెల్‌లో ఉంటాయి, మనకి ప్రాణం లేచొస్తుంది, మన కళ్లముందు తొక్క తీసి కోస్తేనే కొనండి. షిప్పులోంచి పండ్లు ఒడ్డుకి దింపకూడదు, అందుకని ఆ రోజుకి సీలున్న బార్లే సంచీలో వేసుకోండి. రోజంతా తిప్పే టూరులో భోజనం కలిపి ఉందంటే అందులో మీ వారి వాటా పోయిందనే లెక్కేసుకోండి. స్పానిష్‌లో సీలియాక్ చీటీ ఒకటి ప్రింటు తీసి పర్సులో పెట్టుకుంటే మాట్లాడే బాధ తగ్గుతుంది.

తాగేవాళ్లకి ఒక్క ముక్క: బీరు బార్లీది, వద్దు. గ్లూటెన్ తీసేశామని రాసిన బీరు కూడా వద్దు. వైను ఫర్లేదు.

ఇది మాత్రం ఎవరూ ముందు చెప్పరు. జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఎక్కడో తగిలి వాంతులో విరేచనాలో పట్టుకున్నాయనుకోండి, షిప్పు డాక్టరు మొదట అనుమానించేది నోరోవైరస్‌నే. అలాంటి లక్షణాలున్నవాళ్లని గదిలోంచి బయటికి రావొద్దంటారు, ఆ జబ్బు షిప్పంతా ఎంత త్వరగా పాకుతుందో వాళ్లకి తెలుసు కాబట్టి. దాచిపెట్టడం తప్పు, నిజంగా నోరోవైరసే అయితే పక్కవాళ్లకి అంటిస్తారు. వెళ్లి చెప్పండి, కానీ సీలియాక్ ఉందని, ఏం తిన్నాక మొదలైందని కూడా చెప్పండి. మీ డాక్టరు దగ్గర ఒక పేరా ఉత్తరం రాయించుకుని వెళితే ఆ మాటకి బలముంటుంది. గదిలో ఉండమన్నారంటే తిండి కూడా గదికే వస్తుంది, అప్పుడు మళ్లీ హెడ్ వెయిటరుకే ఫోన్ చేయించి ఆయన ద్వారానే తెప్పించుకోండి.

విశాఖపట్నం, చెన్నై నుంచి మన దేశపు క్రూజ్ షిప్పు కార్డీలియాలో వెళ్లేవాళ్లు ఇదే అడుగుతుంటారు. అందులో వంటంతా మన వైపుదే, శాకాహారం, జైన్ అన్నీ దండిగా ఉంటాయి. పైన ఇంగువ గురించి చెప్పింది అక్కడ రెండింతలు వర్తిస్తుంది. పరాఠాలు కాల్చే పెనం మీదే దోశ వేస్తున్నారేమో కూడా కనిపెట్టి చూడండి. మన షెఫ్‌లతో మన భాషలో మాట్లాడే వీలుంటుంది, అదొక్కటి లాభం.

దిగే రోజు పొద్దున్నే హడావుడిగా ఉంటుంది, డైనింగ్ రూము తొందరగా మూసేస్తారు, మీ వెయిటరు కూడా వేరే టేబుళ్లలో ఉండొచ్చు. ముందు రాత్రే మీ వారి టిఫిను ఏమిటో చెప్పేసి, హెడ్ వెయిటరుకి విడిగా ఇవ్వాలనుకున్న టిప్పు అప్పుడే చేతిలో పెట్టేయండి. మిగిలిన ప్యాకెట్లు పారెయ్యకండి. కస్టమ్స్‌లో తిండి ఉందని చెబితే సీలున్న క్రాకర్లకి ఎవరూ అడ్డం చెప్పరు. గాల్వెస్టన్ నుంచి డాలస్‌కి నాలుగున్నర, అయిదు గంటల డ్రైవు, ఐ-45 మీద మీ మామగారు ఎక్కడ ఆపమన్నా మీ వారికి దొరికేది బంగాళాదుంప చిప్సే.